ఆ నాలుగు అక్షరాలను చెరపనివ్వకండి

ప్రశ్న: మేము మినియాపొలిస్ శివారులో ఉంటున్నాం. నాకు గ్రీన్‌కార్డు వచ్చి కొన్నేళ్ళయింది. మా పక్కింటి పెద్దావిడ భర్త పోయాక ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. వాళ్ళ పూర్వీకులది డెన్మార్క్. ఆవిడ మామగారు రెండో ప్రపంచ యుద్ధంలో డానిష్ సైనికుడట. ఆయన వాడిన పిస్తోలు ఇంట్లో ఉంది, కావాలంటే మీరే తీసుకోండి, ధర మీరే చెప్పండి అన్నారు. పిడి మీద హస్క్‌వర్నా కిరీటం గుర్తుంది. సీరియల్ నంబరు డి అక్షరంతో మొదలవుతుంది, డెన్మార్క్ అనే అర్థం కావచ్చు. ఇంకోచోట ఆర్‌పీఎల్‌టీ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన మరో సంఖ్య ఉన్నాయి. పిస్తోలు పెట్టుకునే తోలు హోల్‌స్టర్, తూటాలు నింపే అదనపు మ్యాగజైన్ కూడా ఉన్నాయి. పూత అక్కడక్కడా పోయింది. పాలిష్ పట్టించి కొత్త పూత వేయిస్తే విలువ రెట్టింపవుతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇది అసలుదేనా? ఎంత ఇవ్వవచ్చు? కాల్చి చూడవచ్చా? ఎప్పుడైనా విజయవాడ తీసుకువెళ్ళగలనా? మా తమ్ముడు హెచ్-1బీ మీద వచ్చి మాతోనే ఉంటున్నాడు, వాడికి ఇలాంటి వస్తువులంటే ప్రాణం. — మినెసోటా నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుడి సలహాతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. పాలిష్ పట్టించకండి. ఆవిడ తరఫున ఎవరైనా పట్టిస్తామన్నా ఆపండి. పాత ఆయుధాల విషయంలో కొత్త పూత విలువను పెంచదు, చాలాసార్లు సగానికి పైగా కోసేస్తుంది. చక్రం మీద పెట్టి రుద్దినప్పుడు తుప్పుతోపాటు ఉక్కు పైపొర కూడా పోతుంది. దాంతో తయారీ ముద్రలు, తనిఖీ ముద్రలు, మీరు రాసిన ఆ నాలుగు అక్షరాలు పలచబడతాయి, అంచులు గుండ్రమవుతాయి. మీ చేతిలో ఉన్న వస్తువుకు ప్రత్యేకత తెచ్చేది ఆ నాలుగు అక్షరాలే. వాటిని అరగదీసుకోవడానికి డబ్బు చెల్లించడం కంటే బాధాకరమైన పని ఉండదు.

ఇక ఆ వస్తువు సంగతి. హస్క్‌వర్నా పేరు ఇవాళ మనవాళ్ళకు బైకుల మీద కనిపిస్తుంది. ఆ సంస్థ మాత్రం 1689లో స్వీడన్ రాజుగారి తుపాకుల కర్మాగారంగా పుట్టింది. మీరు వర్ణించిన పిస్తోలు స్వీడన్ సైన్యం ఎం/40 అని పిలిచింది. దీన్ని రూపొందించింది స్వీడన్ వాళ్ళు కాదు, ఫిన్లండ్‌కు చెందిన ఐమో లాహ్తి. ఆయన చేసిన పిస్తోలును ఫిన్లండ్ 1935లో ఎల్-35 పేరుతో స్వీకరించింది. స్వీడన్ మొదట జర్మన్ల వాల్తర్ హెచ్‌పీని ఎంచుకుని ఎం/39 అని పేరు పెట్టింది. కొద్ది సంఖ్యలో వచ్చాయో లేదో యుద్ధం మొదలైంది, జర్మనీ తన ఆయుధాలను తానే ఉంచుకుంది. అప్పుడు స్వీడన్ పొరుగునున్న ఫిన్లండ్ నుంచి లైసెన్సు తీసుకుంది. మొదట కాంట్రాక్టు దక్కించుకున్న సంస్థ నిలబడలేకపోవడంతో పని హస్క్‌వర్నా చేతికి వచ్చింది. 1946 వరకు సైన్యం కోసం 80 వేలకు పైగా తయారయ్యాయి.

అంటే డి అక్షరానికి డెన్మార్క్‌తో సంబంధం లేదు. స్వీడన్ సైన్యం కోసం చేసిన వరుస అంతటికీ నంబరు ముందు అదే అక్షరం ఉంటుంది. అది చూసి మీరు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వనక్కరలేదు. ఆర్‌పీఎల్‌టీ సంగతి వేరు. డెన్మార్క్ జాతీయ పోలీసు విభాగం పేరు రిగ్స్‌పోలితి. తన ఆస్తి అయిన ఆయుధాల మీద ఆ విభాగం వేసిన ముద్ర అది, పక్కనున్నది వాళ్ళ జాబితా సంఖ్య. స్వీడన్ సైన్యానికి చేసిన పిస్తోలు మీద డెన్మార్క్ పోలీసు ముద్ర ఎలా వచ్చిందో తెలిస్తే మీ పక్కింటి ఆవిడ కుటుంబ కథను ఎలా పరీక్షించాలో కూడా తెలుస్తుంది. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. స్వీడన్ తటస్థ దేశం. జలసంధి దాటి అక్కడికి పారిపోయిన డానిష్ యువకులు చాలామంది. యుద్ధం తిరగబడుతున్న 1943 చివర నుంచి వాళ్ళకు స్వీడన్ గడ్డ మీదే శిక్షణ మొదలైంది. తటస్థ దేశంలో పరాయి సైన్యాన్ని తయారు చేస్తున్నామని పైకి చెప్పలేరు కనుక వాళ్ళను పోలీసు దళాలు అన్నారు. నార్వే శరణార్థుల విషయంలోనూ ఇదే ఏర్పాటు జరిగింది. దాదాపు 5,000 మందితో తయారైన ఈ డానిష్ బ్రిగేడ్‌కు ఆయుధాలు స్వీడన్ ఇచ్చింది, వాటిలో ఎం/40 ఒకటి. 1945 మే 5న, డెన్మార్క్‌లో జర్మన్ సేనలు లొంగిపోయిన రోజున, బ్రిగేడ్ హెల్సింగ్‌బోర్గ్ నుంచి జలసంధి దాటి హెల్సింగోర్‌లో దిగింది.

ఈలోగా డెన్మార్క్‌లో పోలీసులే లేరు. 1944 సెప్టెంబరు 19న ఆక్రమణ సైన్యం పోలీసు వ్యవస్థను రద్దు చేసి, దాదాపు 2,000 మంది పోలీసులను పట్టుకుని జర్మనీలోని శిబిరాలకు, ముఖ్యంగా బుఖెన్‌వాల్డ్‌కు తరలించింది. వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. విముక్తి తర్వాత పోలీసు విభాగాన్ని మళ్ళీ నిలబెట్టాల్సి వచ్చింది, దాని చేతికి ఆయుధాలు కావాలి. స్వీడన్ నుంచి వచ్చిన ఎం/40లు అలా పోలీసు విధుల్లోకి వెళ్ళాయి. కాబట్టి మీ పిస్తోలు మీద ఉన్న ఆ ముద్ర 1945 మే కంటే ముందుది కావడానికి వీల్లేదు.

ఇప్పుడు ఆవిడ చెప్పిన కథను దీని పక్కన పెట్టి చూడండి. మామగారు బ్రిగేడ్‌లో ఉన్నారు, యుద్ధం ముగిశాక పిస్తోలు ఇంటికి తెచ్చుకున్నారు, అప్పటినుంచి ఇంట్లోనే ఉంది అంటే కుదరదు. సైనికుడి సంచిలో నేరుగా ఇంటికి చేరిన పిస్తోలు మీద పోలీసు జాబితా సంఖ్య పడే అవకాశం లేదు. అది యుద్ధం తర్వాత ప్రభుత్వం చేతుల్లోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి వచ్చింది. ఆయన విముక్తి తర్వాత పోలీసు ఉద్యోగంలో చేరి ఉండవచ్చు. లేదా ఆయనకు బ్రిగేడ్‌తో సంబంధం నిజమే అయినా పిస్తోలును మాత్రం పాత రోజుల గుర్తుగా అమెరికాలోనే, మిగులు ఆయుధాల వ్యాపారి దగ్గర కొనుక్కుని ఉండవచ్చు. కుటుంబాల్లో తరాలు మారేకొద్దీ మనిషి కథ, వస్తువు కథ కలిసిపోతాయి. దాన్ని అబద్ధం అనకండి, ఆవిడ ముందు అసలే అనకండి. కథ నిజమని తేలితే పిస్తోలు విలువ పెరుగుతుంది. తేలకపోయినా ముద్ర విలువ ముద్రకు ఉంటుంది. కథకు విడిగా డబ్బు మాత్రం ఇవ్వకండి, కాగితం ఉంటే తప్ప.

ఆ కాగితం కోసం వెతకడం కష్టమేమీ కాదు. ఆయన పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు ఆవిడను అడిగి రాసుకోండి. సైనిక గుర్తింపు పుస్తకం, చేతికి కట్టుకునే పట్టీ, యూనిఫారంలో ఫొటో, స్వీడన్ శిబిరం నుంచి రాసిన ఉత్తరం, పోలీసు నియామకపు కాగితం వంటివి పెట్టెల్లో ఉన్నాయేమో చూడమనండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొదట చెత్తబుట్టలోకి వెళ్ళేవి ఇవే. కోపెన్‌హేగన్‌లోని రిగ్సార్కివెట్, అంటే జాతీయ అభిలేఖాగారం, ఇంగ్లీషులో రాసినా స్పందిస్తుంది. ప్రతిఘటన ఉద్యమానికి అంకితమైన ఫ్రిహెడ్స్‌మ్యూజియెట్ కూడా అక్కడే ఉంది. మీ పొరుగు రాష్ట్రం అయోవాలోని ఎల్క్ హార్న్ పట్టణంలో డానిష్ అమెరికన్ల మ్యూజియం ఉంది. అలాంటి కుటుంబాల చరిత్ర వాళ్ళకు అలవాటైన పని.

పిస్తోలును చేతిలోకి తీసుకునే ముందు ఒక మాట. ఫిన్లండ్ తొలి ఎల్-35ల పైభాగంలో, లోపల తూటా ఉందో లేదో తెలిపే చిన్న సూచిక ఉండేది. స్వీడన్ ఎం/40లో దాన్ని తీసేశారు. కొట్టే సుత్తి కూడా లోపలే దాగి ఉంటుంది. అంటే బయటి నుంచి చూసి ఇది ఖాళీగా ఉందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఏళ్ళ తరబడి సొరుగులో ఉన్నదైనా నిండుగా ఉందనే అనుకోండి. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత బోల్టు, అంటే పైభాగంలో ముందుకీ వెనక్కీ జరిగే భాగం, వెనక్కి లాగి లోపల కంటితో చూడాలి. మీకు అలవాటు లేకపోతే లైసెన్సున్న డీలరు చేత, ఆవిడ ఇంట్లోనే, చేయించండి. పాత నూనె గడ్డకట్టి బోల్టు కదలకపోతే బలవంతం చేయకూడదు.

అసలుదా కాదా అన్నదానికి నేను చూసే మొదటి విషయం నంబర్లు. ఫ్రేము మీది సంఖ్య, బ్యారెల్ బిగించిన పైభాగం మీది సంఖ్య, లోపలి బోల్టు మీది అంకెలు ఒకే పిస్తోలువేనా? తేడా ఉంటే ఎక్కడో మరమ్మతులో భాగాలు మారాయి. పోలీసు వర్క్‌షాపుల్లో అది మామూలే, నకిలీ అనడానికి లేదు, కానీ ధర తగ్గుతుంది. రెండోది, ముద్ర ఉన్న చోటు. అసలు ముద్ర లోతుగా, నిలకడగా ఉండి, గాడిలో కూడా చుట్టుపక్కల ఉన్నంత పాతదనమే కనిపిస్తుంది. అరుదైన ముద్రలకు ధర ఎక్కువ కాబట్టి వాటిని ఈమధ్య కొట్టించేవాళ్ళూ ఉన్నారు. గాడి లోపల ఉక్కు తెల్లగా మెరుస్తున్నా, అంచు చుట్టూ లోహం ఉబ్బి పూతను చీల్చినట్టున్నా అనుమానించండి. తర్వాత పూత. అరిగినా అసలు పూతే గొప్ప. హోల్‌స్టర్‌లో రాసుకుని బ్యారెల్ కొన దగ్గర, ఫ్రేము మూలల దగ్గర తెల్లబడటం సహజం. తుప్పు గుంటల లోపల కూడా నిగనిగలాడే నలుపు ఉంటే, మూలలన్నీ మెత్తబడి ఉంటే, పిన్నులూ స్క్రూలూ అన్నీ ఒకే రంగులో ఉంటే, ఎవరో మీ మిత్రుడి సలహాను ఇంతకుముందే పాటించారని అర్థం.

హోల్‌స్టర్ గురించి: స్వీడన్ సైన్యానిదైతే దానికి అదనపు మ్యాగజైన్ల జేబులు, శుభ్రం చేసే పుల్లకు, మ్యాగజైన్ నింపే చిన్న పనిముట్టుకు చోట్లు కుట్టి ఉంటాయి. మ్యాగజైన్ స్ప్రింగు గట్టిది, ఆ పనిముట్టు లేకుండా 8 తూటాలు నింపితే వేళ్ళు నొప్పెడతాయి. ఆ చిన్నచిన్నవన్నీ ఉంటే మంచి అదృష్టం, ఇల్లంతా వెతకమనండి. తోలు మీద స్వీడన్ ప్రభుత్వపు మూడు కిరీటాల ముద్ర ఉంటే అది పిస్తోలుతోపాటు డానిష్ పోలీసుల్లో తిరిగిందని చెప్పలేం, తర్వాత జతచేసి ఉండవచ్చు. కొన్నాక పిస్తోలును ఆ తోలులో దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. రెండింటినీ పక్కపక్కన, విడిగా ఉంచండి. పలచటి తుపాకీ నూనె మెత్తటి గుడ్డతో రాస్తే చాలు. ఉక్కుపీచు, తుప్పు వదిలించే ద్రావకాలు వద్దు. పిడి పలకలు పాత ప్లాస్టిక్, పెళుసుబారి ఉంటాయి, వాటిని ఊడదీయాలనే కుతూహలం వదులుకోండి.

కాల్చి చూడవచ్చా అన్నారు. నా అభిప్రాయం సూటిగా: వద్దు. ఇది మెత్తనిదేమీ కాదు, 1.2 కిలోల ఉక్కు. చలిలో మంచు చొరబడకుండా అన్ని వైపులా మూసి ఉంచిన యంత్రాంగం, మరతుపాకుల నుంచి అరువు తెచ్చుకున్న వేగవర్ధకం అనే భాగం, ఇవన్నీ ఉత్తర దేశాల చలికాలం కోసం చేసిన ఏర్పాట్లు. కానీ స్వీడన్ వాడిన ఉక్కు ఫిన్లండ్ ఉక్కంత దృఢమైనది కాదు. దానికి తోడు స్వీడన్ సైన్యం తర్వాతి కాలంలో ఎం/45 సబ్‌మెషీన్ గన్ కోసం మరింత ఒత్తిడి గల ఎం/39బి తూటాను తెచ్చి, పిస్తోళ్ళలోనూ అదే వాడింది. పిస్తోళ్ళకు పగుళ్ళు వచ్చాయి. 1980లలో వాటిని పక్కన పెట్టి, అంతకంటే పాతదైన బ్రౌనింగ్ నమూనా ఎం/07ను గోదాముల్లోంచి బయటికి తీయాల్సి వచ్చింది, కొత్త గ్లాక్ పిస్తోళ్ళు వచ్చేవరకు. ఒక సైన్యం ముందుకు కాకుండా 1907 నాటి ఆయుధానికి వెనక్కి వెళ్ళిందంటే సమస్య ఎంతటిదో ఊహించండి. మీ పిస్తోలు ఎలాంటి తూటాలు చూసిందో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. పగులు మొదట్లో సన్నని గీతగానే ఉంటుంది. ఖాళీ తూటా బయటికి వచ్చే కిటికీ మూలలను, తాళం పడే చోట్లను నిపుణుడు భూతద్దంతో చూడాలి. చూసి బాగుందన్నా సరే, అతకడానికి విడిభాగాలు దొరకని, పోలీసు ముద్ర ఉన్న పిస్తోలును పరీక్షకు పెట్టడంలో లాభం లేదు. కాల్చే సరదా ఉంటే రేంజిలో కొత్త పిస్తోలు అద్దెకు ఇస్తారు.

ఇక ధర. ఎం/40 సైనిక వరుస అమెరికాలో అరుదేమీ కాదు, మిగులు ఆయుధాలుగా చాలానే వచ్చాయి. ఫిన్లండ్ ఎల్-35 అంతకంటే చాలా ఖరీదు. డానిష్ పోలీసు ముద్ర ఉన్నవి మామూలు ఎం/40ల కంటే అరుదు, వాటి కోసమే చూసే సేకర్తలు ఉన్నారు. మరో విషయం చూడండి: 1968 చట్టం తర్వాత దిగుమతి చేసుకున్న వాటి మీద దిగుమతిదారు పేరు, ఊరు కొట్టి ఉంటాయి. అది లేకపోతే అంతకుముందే వచ్చిందని సేకర్తలు ఇష్టపడతారు, పైగా ఆవిడ కుటుంబ కథకు అది చిన్న బలం. నేను ఇక్కడ అంకె చెప్పను, వస్తువును చూడకుండా చెప్పే అంకె మీకూ ఆవిడకూ అన్యాయం. వేలంపాటల్లో ముగిసిన ధరలు చూడండి, అమ్మకందార్లు పలికే ధరలు కాదు. మామూలు డి వరుస పిస్తోలు, ఇలాంటి ముద్ర ఉన్న పిస్తోలు, రెండింటికీ విడివిడిగా చూడండి.

ధర మీరే చెప్పండి అని ఆవిడ అన్నారంటే మీ మీద నమ్మకంతో అన్నారు. భర్త పోయిన, ఇల్లు ఖాళీ చేస్తున్న మనిషి. మీకు తెలిసి ఆవిడకు తెలియని విషయం ఆ ముద్ర. కాబట్టి కొనడానికి ముందే దాని అర్థం ఆవిడకు చెప్పండి, కూతురు కూడా ఉన్నప్పుడు చెప్పండి. కొనే ఉద్దేశం లేని మరో నిపుణుడి చేత విలువ కట్టించి, ఆ కాగితం ఆవిడ చేతికివ్వండి. అప్పుడు ఆ కుటుంబం దీన్ని ఉంచుకోవాలనుకుంటే సంతోషంగా వెనక్కి తగ్గండి. మీరు కొంటే, ఆవిడ చెప్పిన కథను ఆవిడ మాటల్లోనే రాయించి సంతకం, తేదీ తీసుకోండి. నంబర్లు కూడా అందులో ఉండాలి.

చట్టం విషయంలో మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అది అన్నిటికంటే ముఖ్యం. గ్రీన్‌కార్డు ఉన్న మీరు తుపాకీ కొనవచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు మాత్రం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం తుపాకీని గానీ తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు వంటి కొద్దిపాటి సడలింపులు ఉన్నాయి, వాటిని నమ్ముకుని అడుగు వేసే ముందు న్యాయవాదిని అడగాలి. అధీనం అంటే యాజమాన్యం ఒక్కటే కాదు, తాళంచెవి అందుబాటులో ఉండటం కూడా ఆ లెక్కలోకి రావచ్చు. ఇది నేరం, శిక్ష పడితే వీసా, భవిష్యత్తు అన్నీ పోతాయి. తమ్ముడికి ప్రాణం అన్నారు కనుకే చెబుతున్నాను: సేఫ్ తాళం, సంఖ్య మీ దగ్గర మాత్రమే ఉండాలి, వాడి చేతికి ఇవ్వకూడదు, రేంజికి తీసుకెళ్ళకూడదు. అన్నగా ఇందులో మొహమాటపడకండి. ఫొటోలు తీసి ఇవ్వండి, చరిత్ర చదవమనండి, ఎల్క్ హార్న్‌కు తీసుకెళ్ళండి.

50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న తుపాకులను సమాఖ్య నిబంధనలు సేకరణ వస్తువుల తరగతిలో చేరుస్తాయి. కానీ ఇది తుపాకీయే. మినెసోటాలో 2023 ఆగస్టు 1 నుంచి వ్యక్తుల మధ్య పిస్తోలు చేతులు మారాలన్నా కొనేవారికి అనుమతి పత్రం ఉండాలి, లేదా లైసెన్సున్న డీలరు ద్వారా తనిఖీ జరగాలి. మీరు డీలరు ద్వారానే చేయించుకోండి. కొద్దిపాటి రుసుముతో సక్రమమైన రికార్డు మిగులుతుంది, రేపు మీరు అమ్మాలన్నా అది పనికొస్తుంది. భర్త ఆస్తి పంపకం పూర్తయిందా, అమ్మే హక్కు ఆవిడ ఒక్కరిదేనా అన్నది కూతురిని అడిగి తేల్చుకోండి.

విజయవాడ మాట మరిచిపోండి. ఈ పిస్తోలు తూటా 9 మి.మీ. పారాబెల్లమ్, మన దేశంలో అది నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు అనుమతించని తూటా కొలత. 1959 నాటి ఆయుధాల చట్టం కింద సామాన్య పౌరుడికి దానికి లైసెన్సు దొరకదు, పాతదనీ స్మారకమనీ చెప్పినా కస్టమ్స్ వదలదు. అమెరికా నుంచి ఎగుమతికీ వేరే అనుమతి కావాలి. భారత్‌కు తిరిగి వెళ్ళాలనుకుంటే అంతకుముందే దాన్ని అక్కడే మరో సేకర్తకు గానీ మ్యూజియానికి గానీ చట్టబద్ధంగా అప్పగించాలి. ఈ సంగతి కొనే ముందే ఆలోచించుకోండి.

ఇప్పుడు చేయవలసింది: ఇల్లు ఖాళీ చేసేలోగా ఆవిడను కలిసి మామగారి పేరు, పుట్టిన తేదీ రాసుకోండి. డీలరు వచ్చి పిస్తోలు ఖాళీగా ఉందని నిర్ధారించాక, ఏటవాలుగా పడే వెలుతురులో అన్ని ముద్రలనూ దగ్గరగా ఫొటో తీయండి. నాలుగు అక్షరాల పక్కనున్న సంఖ్య, మూడుచోట్ల ఉన్న సీరియల్ నంబర్లు, హోల్‌స్టర్ లోపలి ముద్ర స్పష్టంగా రావాలి. అవి పంపితే ముద్ర గురించి ఇంకా కచ్చితంగా చెప్పగలను.